మాడు మీద తట్టిన చేతులు

రొట్టెల పండగ వచ్చిందంటే నెల్లూరులో మా ఇంటినిండా చుట్టాలే. ఒంగోలు నుంచి ఆడబిడ్డ వాళ్లు, కావలి నుంచి మా చెల్లెలు వాళ్లు వస్తారు. నిరుడు కూడా పొద్దున్నే బారాషహీద్ దర్గాకి వెళ్లాం. స్వర్ణాల చెరువులో దిగి నేను ఆరోగ్య రొట్టె పట్టుకున్నాను, మా ఆయన గుండె కోసం. ఇంటికొచ్చి అందరం భోజనాలకి కూర్చున్నాం. ఆ పూటే నాకు చావు అంత దగ్గరికి వచ్చి వెళ్లింది.

నా వయసు అరవై రెండు. పైవరస కట్టుడు పళ్లు. అవి కొంచెం వదులయ్యాయని తెలిసి కూడా బాగు చేయించుకోలేదు. అంగిలి మొత్తం పళ్ల సెట్టే కప్పేస్తుంది కాబట్టి నోట్లో ముక్క ఎంతుందో సరిగా తెలియదు. మా చెల్లెలు ఏదో అంటే నవ్వుతూ మాట్లాడబోయాను. సగం నమిలిన మటన్ ముక్క గొంతులోకి జారింది.

పొలమారితే దగ్గు వస్తుంది, కళ్లలో నీళ్లు తిరుగుతాయి. నాకు దగ్గే రాలేదు. గొంతులోంచి చిన్న చప్పుడు కూడా లేదు. ఊపిరి లోపలికి పోదు, బయటికి రాదు. "ఎవరో తలుచుకుంటున్నారు వదినా" అంది ఆడబిడ్డ. మా ఆయన లేచి మాడు మీద తట్టడం మొదలుపెట్టారు. ఎవరో గ్లాసు నోటికి ఆనించారు, నీళ్లన్నీ చీర మీదికే వచ్చేశాయి. మా చెల్లెలు కంగారులో వట్టన్నం ముద్ద చేసి మింగమంది. మా వైపు చేపముల్లు గుచ్చుకుంటే అదే కదా చేస్తాం! ఆ ముద్ద కూడా లోపలికి పోయుంటే ఏమయ్యేదో. అసలు ముల్లుకైనా ముద్ద మింగితే అది ఇంకా లోతుగా దిగొచ్చని తర్వాత డాక్టర్ చెప్పారు. ఇంట్లో ఉన్న వాళ్లంతా నన్ను ప్రాణంగా చూసుకునే వాళ్లే. అందరి చేతులూ నా తల చుట్టూనే ఉన్నాయి.

వరండాలో ఉన్న మేనల్లుడు పరిగెత్తుకొచ్చాడు. డిగ్రీ చదువుతున్నాడు, కాలేజీలో ఎన్సీసీ. "అత్తా, దగ్గగలవా? మాట్లాడగలవా?" అన్నాడు. లేదని తల ఊపాను. "108కి ఫోన్ చేయండి" అని అరిచి, నన్ను ముందుకి వంచి, రెండు రెక్కల ఎముకల మధ్య అరచేతి మడమతో గట్టిగా ఐదు దెబ్బలు కొట్టాడు. రాలేదు. వెనకనుంచి చేతులు చుట్టి, బొడ్డుకి కాస్త పైన పిడికిలి ఆనించి, రెండో చేత్తో దాన్ని పట్టుకుని లోపలికీ పైకీ ఒక్క ఊపున గుంజాడు. మూడోసారికో నాలుగోసారికో ముక్క వచ్చి పళ్లెంలో పడింది. ఉసిరికాయంత ఉంది. ఆ తర్వాత పీల్చిన గాలి గొంతంతా కోసినట్టు మండింది. అంత మంటలోనూ ప్రాణం లేచొచ్చింది.

పెదాలు నల్లబడ్డాయట. మొత్తం రెండు నిమిషాలు కూడా కాలేదట. నాలుగైదు నిమిషాలు ప్రాణవాయువు అందకపోతే మెదడు దెబ్బతినడం మొదలవుతుంది. అంబులెన్స్ ఎంత తొందరగా బయల్దేరినా ఆ నిమిషాలు ఇంట్లో వాళ్ల చేతుల్లోనే ఉంటాయి.

పొట్ట మీద అలా గుంజాక లోపల ఏమైనా దెబ్బ తగిలిందేమో చూపించుకోవాలని మేనల్లుడు అంటూనే ఉన్నాడు. నేనే రేపు చూద్దాం అన్నాను. అది తప్పు. మూడో రోజుకి చలిజ్వరం, దగ్గు, కుడి పక్కన పోటు. ఎక్స్‌రే తీస్తే కుడి ఊపిరితిత్తిలో న్యుమోనియా. తిండి తునకలు లోపలికి వెళ్లాయనీ, కుడివైపు గొట్టం వెడల్పుగా, తిన్నగా ఉంటుంది కాబట్టి ఎక్కువగా అటే జారతాయనీ డాక్టర్ చెప్పారు. ఆరు రోజులు ఆస్పత్రిలో ఇంజెక్షన్లు. రాత్రుళ్లు మా ఆయన మంచం పక్కనే కూర్చునేవారు. ఒక రాత్రి, "నేను తల మీద తట్టుతూనే ఉన్నాను. నాకు అంతకంటే ఇంకేమీ తెలియలేదు" అని ఏడ్చారు.

ఇంటికొచ్చాక జ్వరం లేదు గానీ అన్నమంటే భయం పట్టుకుంది. మూడు వారాలు రాగిజావ, మెత్తగా పిసికిన పెరుగన్నం. ఎవరూ పక్కన లేకపోతే నోట్లో ముద్ద పెట్టుకునే దాన్ని కాదు. నాలుగు కిలోలు తగ్గాను. పళ్ల సెట్టు కొత్తగా కట్టించుకున్నాక నెమ్మదిగా ధైర్యం వచ్చింది.

ఆ రోజుల్లోనే మేనల్లుడిని కూర్చోబెట్టి అంతా అడిగి తెలుసుకున్నాను. మనిషి గట్టిగా దగ్గుతుంటే దగ్గనివ్వాలి, మీద పడకూడదు. దగ్గు ఆగిపోయి మాట రాకపోతేనే ఐదు దెబ్బలు, ఐదు గుంజుళ్లు, మళ్లీ దెబ్బలు. కనబడని ముక్క కోసం నోట్లో వేలు పెట్టి వెతికితే అది ఇంకా లోపలికి పోతుంది. ఏడాదిలోపు బిడ్డకి పొట్ట నొక్కకూడదు. ముంజేతి మీద బోర్లా, తల కిందికి ఉండేలా పడుకోబెట్టి వీపు మీద ఐదు దెబ్బలు, తర్వాత వెల్లకిలా తిప్పి ఛాతీ మీద ఐదు నొక్కులు. నిండు గర్భిణికి కూడా పొట్ట మీద కాదు, ఛాతీ మీదే. మనిషి స్పృహ తప్పితే పడుకోబెట్టి సీపీఆర్, అంటే ఛాతీ మధ్యలో గట్టిగా, వేగంగా నొక్కడం, మొదలుపెట్టాలి.

రోహిణి కార్తెలో మనవడికి ముక్కులోంచి రక్తం కారింది. ఎండలో ఆడి వచ్చాడు. పక్కింటావిడ ప్రేమగానే తల వెనక్కి వంచి, మాడు మీద చెంబెడు నీళ్లు పోసి, వాసన చూపించడానికి ఉల్లిపాయ తెమ్మంది. మళ్లీ తలే! నేను వాణ్ణి కూర్చోబెట్టి ముందుకి వంచాను. ముక్కు ఎముక కింద ఉండే మెత్తటి భాగాన్ని రెండు వేళ్లతో గట్టిగా పట్టుకుని, నోటితో గాలి పీల్చమన్నాను. ముక్కు ముందు భాగంలోని గోడ మీద సన్నటి రక్తనాళాలు ఉంటాయి, పొడిగాలికి చిట్లేది ఎక్కువగా అవే. తల వెనక్కి వంచితే రక్తం ఆగదు, గొంతులోకి దిగుతుంది, కడుపులోకి పోతే వాంతవుతుంది. "వదులు నానమ్మా, ఆగిందేమో చూద్దాం" అని వాడు నిమిషానికోసారి గునిశాడు. గడియారం చూసుకుని పది నిమిషాలు వదల్లేదు. ఆగింది. అరగంటకి కూడా ఆగకపోయినా, తలకి దెబ్బ తగిలి వచ్చినా ఆస్పత్రికి పోవాల్సిందే. మా ఆయనలా రక్తం పలచబడే మాత్రలు వేసుకునే వాళ్లు అంతసేపు కూడా ఆగకూడదు.

ఈ ఏడు పండక్కి మళ్లీ అందరూ వచ్చారు. విస్తళ్లు వేసేముందు మేనల్లుడు హాల్లో అందర్నీ నిలబెట్టి పిడికిలి ఎక్కడ పెట్టాలో చూపించాడు. బాగున్న మనిషి మీద గుంజకూడదనీ, చోటు మాత్రం చూసుకోమనీ చెప్పాడు. మా ఆయన నా వెనక నిలబడి మొదట కాస్త కిందికి పెట్టారు. "ఇంకొంచెం పైకి మామా" అన్నాడు వాడు. ఆయన చెయ్యి వణికింది గానీ చోటు దొరికింది. తర్వాత వంటింట్లోకి వెళ్లి, నా వంతు మటన్ వేరే గిన్నెలో సన్నటి తునకలు చేసి తెచ్చి నా ఆకులో వేశారు.