మొగలి మూడో విడత: 14 పెడితే 2

మళ్లీ పోయాయి. జూన్ మొదటి వారంలో కవర్లలో పెట్టిన 14 మొగలి కొమ్మల్లో పచ్చగా ఉన్నవి రెండంటే రెండే. మిగతావి పట్టుకుని లాగితే అడుగు మెత్తగా కవర్లోనే ఉండిపోయి పైముక్క చేతిలోకొచ్చింది.

కొమ్మలన్నీ శ్రీకాకుళం జిల్లా బారువ దగ్గర మా మావయ్య కొబ్బరితోట గట్టువే. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫానుకి తోటలో చెట్లు పడ్డాయి గానీ, మొగలి ఉన్నంత మేర గట్టు కోసుకుపోలేదు, నాకీ పిచ్చి అప్పుడే పట్టింది. ఒకప్పుడు ఆ ఇసుక దిబ్బ పొడవునా మొగలేనట. సరుగుడు వేయడానికి నరికేశారు, వాసన పువ్వు పూసే పొదలు ఇప్పుడక్కడ మూడే. ఆ పువ్వు మగచెట్టుదే, ఆడదానికి అనాసలాంటి కాయ. గింజ మొలిపిస్తే ఏదో తేలడానికి పూసేదాకా ఏళ్లు ఆగాలి, అందుకే ఇచ్ఛాపురం అవతల ఒడిశాలోని గంజాం వాళ్లలాగే నేనూ పిలకలు, కొమ్మల మీద పడ్డా.

కొమ్మలు 40–45 సెం.మీ. పొడవు, 5–6 లావు. సాఫ్ అనే బూజు మందు లీటరుకు 2 గ్రాములు, అరగంట ముంచా (సాఫ్ మీద నాకు నమ్మకమే, తప్పు దానిది కాదు). పదింటికి ఎర్రమట్టి, ఇసుక, పేడ ఎరువు సమానంగా, నాలుగింటికి వట్టి దిబ్బ ఇసుక. 19వ రోజు మొదటిది కవర్లోనే గిరగిరా తిరిగింది. కోసి చూస్తే కింద నుంచి 7 సెం.మీ. దాకా గోధుమరంగు, పులిసిన కల్లు వాసన, ఆ పైన శుభ్రంగా తెల్లటి నార, మొవ్వు కూడా గట్టిగానే ఉంది. కుళ్లు కింద నుంచే ఎక్కింది.

ముందు బోరు నీళ్లని తిట్టా, టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాలు) 1,850 మరి. కానీ వాననీళ్లు పోసిన నాలుగూ అలాగే పోయాయి, అయినా సముద్రపు జల్లు తిని బతికే మొక్కకి ఉప్పేం లెక్క? ఎరువేమో అనుకుంటే బతికిన రెండిట్లో ఒకటి ఆ ఎరువు మట్టిలోదే. వేర్ల పౌడరు రాసిన ఆరూ పోయాయి, ఇంక అది కొనను. బతికిన రెండిటినీ పక్కపక్కన పెట్టి చూస్తే అప్పుడు కనపడింది: అడుగున వేలెడేసి ఊడ మొటికలు, ఒకదానికి 3, ఇంకోదానికి 5. పోయిన పన్నెండిట్లో ఊడలున్నది ఒక్కటే, దాన్ని కవర్లో నున్నగా కూర్చోవాలని నేనే కత్తితో చెక్కేశా! పైగా అన్నిటినీ కోత ఆరకుండా కోసిన గంటలోనే పాతేశా.

దిబ్బ మీద వేసిన బాలబండి తీగ మాత్రం బ్రహ్మాండంగా పాకింది.

ఈసారి కొమ్మని కోయకుండా పొద మీదే ఊడలున్న చోట తడి కొబ్బరిపీచు పెట్టి గోనె చుట్టి, వేరు కనపడ్డాకే కోస్తా, నీడలో ఐదు రోజులు ఆరబెట్టి వట్టి ఇసుకలో పెడతా. తుఫాన్ల సీజన్ లోపు ఆరు కట్టాలి. “పాముల పొద నా తోటలో పెంచుతావేట్రా” అని మావయ్య గొణుగుడు. ముందైతే తోలు గ్లవ్స్ కొనాలి, గుడ్డవి ఆ రంపపు ఆకులకి ఒక్క పూట ఆగలేదు.