కెలంతన్ ఎండలో ఒక ప్రశ్నావళి: నా అనుభవం

రెంటచింతలలో 47 డిగ్రీలు దాటిందన్న వార్తలు చదువుతూ పెరిగిన పల్నాడు మనిషికి, 34 డిగ్రీలకే "ఎండలు మండిపోతున్నాయి" అనే మలేషియా వాళ్లను చూస్తే నవ్వొస్తుంది. మలేషియాలోని కెలంతన్ రాష్ట్ర రాజధాని కోట బారులో దిగిన మొదటి మధ్యాహ్నం దాకా నాకూ వచ్చింది. ఇక్కడిది రెంటచింతల ఎండ కాదు, మచిలీపట్నం ఉక్కపోత. గాలి నిండా తేమ ఉండటంతో చెమట ఆరదు. చెమట ఆరకపోతే ఒళ్లు చల్లబడదు. అందుకే వేడిలో పనిచేసే కార్మికుల ఆరోగ్యాన్ని పరిశీలించే మా రంగంలో మామూలు థర్మామీటరును నమ్ముకోరు, డబ్ల్యూబీజీటీ అనే కొలత వాడతారు. అందులో తడిగుడ్డ చుట్టిన థర్మామీటరు చూపే తడిబల్బు ఉష్ణోగ్రతకు 70 శాతం, ఎండ తాపాన్ని పట్టే నల్ల గోళానికి 20 శాతం, మామూలు గాలి ఉష్ణోగ్రతకు 10 శాతమే విలువ. ఐఎస్ఓ 7243 అనే అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం, వేడికి అలవాటుపడ్డ మనిషి ఓ మోస్తరు పని చేస్తుంటే ఆ కొలత 28 డిగ్రీల దాకా ఉండొచ్చు, బరువు పనైతే 26. రోడ్డు పక్కన గడ్డి కోసేవాళ్ల దగ్గర మా మీటరు పొద్దున పదింటికల్లా 28 దాటేది.

అయితే మీటరు చోటు సంగతి చెబుతుంది గానీ మనిషి సంగతి చెప్పదు. ఎవరికి కళ్లు తిరుగుతున్నాయో, ఎవరు నీళ్లు మానుకుంటున్నారో మనిషినే అడగాలి. అలా అడగడానికి, పనిచోట వేడి కార్మికుల ఆరోగ్యం మీద, పని మీద చూపే ప్రభావాన్ని పరిశీలించే హోథాప్స్ అనే అంతర్జాతీయ కార్యక్రమం కింద ఇంగ్లీషు ప్రశ్నలు ఉన్నాయి. టోర్డ్ షెల్‌స్ట్రోమ్ అనే పరిశోధకుడి బృందం 2009లో ఆ కార్యక్రమాన్ని పరిచయం చేస్తూ వేడి దేశాల పరిశోధకులను క్షేత్ర అధ్యయనాలకు ఆహ్వానించింది. చెన్నై ప్రాంతంలోనూ వాటి ఆధారంగా కార్మికులను అడిగారు. వాటిని మలయ్ మాట్లాడే ఆరుబయటి కార్మికులకు సరిపడేలా మార్చే పని మా చిన్న బృందానికి వచ్చింది. నా మలయ్ కూరగాయల బేరానికి సరిపోతుంది, అంతకు మించి కాదు. అనువాదం వేరేవాళ్లు చేశారు, తక్కిన తంటాలు నావి.

పద్ధతి పుస్తకాల్లో ఉన్నదే. ఇద్దరు విడివిడిగా మలయ్‌లోకి మార్చాలి. అందులో ఒకరికి వైద్యం తెలియకపోవడమే మంచిది. రెండింటినీ కలిపి ఒకటి చేయాలి. మూలం చూడని మరో ఇద్దరు దాన్ని తిరిగి ఇంగ్లీషులోకి మార్చాలి. తర్వాత నిపుణుల కమిటీ కూర్చుని ఒక్కో ప్రశ్నకు మార్కులు వేస్తుంది. ఈ భాగం సాఫీగానే సాగింది. కెలంతన్ మాండలికంలో రాయాలా, ప్రామాణిక మలయ్‌లో రాయాలా అన్నది ఒక్కటే కాస్త వాదన. ఉత్తర కొసన పెర్లిస్ నుంచి దక్షిణ కొసన జొహోర్ దాకా పనికిరావాలి కాబట్టి అచ్చులో ప్రామాణిక భాషే ఉంచి, చదివి వినిపించేటప్పుడు స్థానిక యాస వాడాలని తేల్చారు. కమిటీ మార్కులు ఘనంగా వచ్చాయి. ఏసీ గదిలో కూర్చున్న ఎనిమిది మందికి ప్రశ్నలు అర్థమయ్యాయన్న మాటకు ఎంత విలువ ఇవ్వాలో అంతే ఇచ్చాను.

అసలు పని కార్మికుల దగ్గర మొదలైంది. ప్రశ్న అడిగి, జవాబు తీసుకుని, "మీకు ఏమని అర్థమైంది, ఆ జవాబే ఎందుకు చెప్పారు" అని ఆరా తీయడం. దీన్ని కాగ్నిటివ్ ఇంటర్వ్యూ అంటారు. మొదట్లోనే ఒక గడ్డి కోసే పెద్దాయన దొరికాడు. యంత్రం భుజం మీంచి దింపి చెట్టు కింద కూర్చున్నాడు. రాళ్లు ఎగిరి తగలకుండా ముఖానికి చుట్టుకున్న పాత టీషర్టు విప్పి పిండితే ధారగా కారింది. ప్లాస్టిక్ సంచిలో కట్టిచ్చిన ఐస్ టీని స్ట్రాతో పీలుస్తున్నాడు. మా సహాయకుడు "పాక్ చిక్" అని, అంటే బాబాయి అని, పలకరించి మొదటి ప్రశ్న చదివాడు: "గత వారం పనిలో విపరీతమైన వేడి ఎంత తరచుగా అనిపించింది?" ఎప్పుడూ లేదు నుంచి ఎల్లప్పుడూ దాకా అయిదు జవాబులు. ఆయన వాటిలో దేన్నీ ఎంచుకోలేదు. "బియాసా" అన్నాడు. మామూలే అని. పిండిన టీషర్టు ఇంకా చేతిలోనే ఉంది.

ఆ తర్వాత దాదాపు అందరూ అదే జవాబు. ముప్పయ్యేళ్లుగా ఎండలో ఉన్నవాడికి విపరీతం అన్న మాటకు కొలబద్ద ఏముంటుంది? దాంతో అనిపించడాలన్నీ పక్కన పెట్టి, జరిగినవి అడిగాం. వేడి తట్టుకోలేక పని మధ్యలో ఆపి నీడకు వెళ్లారా? చొక్కా మార్చుకోవలసి వచ్చిందా? కాళ్లు పట్టేశాయా? ఇలా అడిగేసరికి అదే పెద్దాయన వేళ్లు మడిచి లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. ఆదివారం రెండుసార్లు, మంగళవారం ఒకసారి. (కెలంతన్‌లో వారాంతం శుక్ర, శనివారాలు. ఆదివారం పనిరోజే.)

రెండో చిక్కు మండోర్. పని చేయించే మేస్త్రిని ఇక్కడ అలా అంటారు. అతను నాలుగడుగుల దూరంలో నిలబడ్డంత సేపూ ఎవరికీ కళ్లు తిరగలేదు, ఎవరికీ తలనొప్పి రాలేదు. మేం కలిసినవాళ్లలో చాలామంది కాంట్రాక్టరు కింద రోజుకూలీకి వచ్చేవారు. తల తిరిగిందని చెప్పినవాడిని రేపు పిలవకపోవచ్చు. మా సహాయకుడు దీనికి సొంత ఉపాయం పన్నాడు. పొద్దుటి టీ వేళకు దుకాణంలో మండోర్‌ను వేరే బల్ల దగ్గర కూర్చోబెట్టి, ఫుట్‌బాల్ కబుర్లలోకి దింపేవాడు. ప్రశ్నల వరసా మార్చాం. ముందు "మీ బృందంలో ఎవరికైనా కళ్లు తిరిగాయా" అని, ఆ తర్వాతే "మీకు" అని. ఈ రెండు మార్పులే జవాబులను ఎక్కువగా మార్చాయని నా నమ్మకం.

మూత్రం రంగు ప్రశ్న మరో కథ. ఒంట్లో నీరు తగ్గిందో లేదో చూడటానికి ఎనిమిది రంగుల పట్టీ ఒకటి 1994 నుంచి వాడుకలో ఉంది. మొదట క్రీడాకారుల కోసం వాడిన పట్టీ అది. నిపుణులు దానికి పూర్తి మార్కులు వేశారు. గడ్డి కోసే కుర్రాడొకడు పట్టీని అటూ ఇటూ తిప్పి చూసి, "మేం పొదల్లో పోస్తాం అన్నా, రంగెక్కడ కనిపిస్తుంది?" అన్నాడు. ఆడవాళ్లను మా బృందంలోని అమ్మాయే అడిగింది. రోడ్లు ఊడ్చే అక్కలు రంగు దాకా రానే లేదు. దగ్గరలో మరుగుదొడ్డి లేదు కాబట్టి పని అయ్యేదాకా నీళ్లే తాగం అన్నారు. చెన్నైలో మహిళా కార్మికుల మీద జరిగిన పరిశోధనలోనూ ఇదే చదివాను. అయినా మా దగ్గరున్న ఇంగ్లీషు ప్రతిలో మరుగుదొడ్డి ఊసే లేదు. రంగు పట్టీని ఐచ్ఛికం చేసి, మరుగుదొడ్డి ఎంత దూరం, దాని కోసం నీళ్లు తగ్గిస్తారా అన్న ప్రశ్నలు చేర్చాం. మద్యం ప్రశ్న తీసేసి కాఫీ, ఎనర్జీ డ్రింకుల గురించి పెట్టాం. కార్మికుల్లో దాదాపు అందరూ ముస్లింలు. మద్యం గురించి అడిగితే తక్కిన ప్రశ్నలకు జవాబు ముక్తసరిగా వచ్చేది.

ఇక రంజాన్. నవంబరు నుంచి ఈశాన్య రుతుపవనాలతో కెలంతన్ వరదల్లో ఉంటుంది కాబట్టి క్షేత్ర పనికి మార్చి, ఏప్రిల్ నెలలే అనుకూలం. 2024లో ఇక్కడ రంజాన్ మార్చి 12న మొదలైంది. "పని వేళలో ఎన్ని గ్లాసుల నీళ్లు తాగారు?" అంటే అందరిదీ సున్నా. స్కోరు ప్రకారం అందరూ ప్రమాదపు అంచున ఉన్నట్టే. అది అబద్ధమూ కాదు, పూర్తి నిజమూ కాదు. ఉపవాసం ఉన్నారా అన్నది ముందే నమోదు చేసి, ఉన్నవారిని తెల్లవారుజామున సహూర్ వేళ, అంటే ఉపవాసానికి ముందు తినేటప్పుడు, సాయంత్రం ఉపవాసం విడిచాక ఎన్ని నీళ్లు తాగారని విడిగా అడిగాం. వేడికి తాళలేక ఉపవాసం మధ్యలో విడిచారా అన్న ప్రశ్న కూడా రాసుకున్నాను. మా సహాయకుడు దాన్ని కొట్టేశాడు. "దేవుడికి చెప్పుకోవలసిన జవాబును కాగితం మీద అడగకండి" అన్నాడు. వైద్యపరంగా ఆ సమాచారం విలువైనదే. అయినా అతని మాటే సరైందని ఇప్పటికీ అనుకుంటున్నాను.

చివరికి గణాంకాలు. ఒకే మనిషిని రెండు వారాల తేడాతో మళ్లీ అడిగితే జవాబులు కలవాలన్నది ఆనవాయితీ. మా మొదటి విడతకూ రెండో విడతకూ మధ్య వానలు పడ్డాయి. వేడి ప్రశ్నల స్కోర్లు దబ్బున పడిపోయాయి. గణాంకాల నిపుణుడు నిలకడ లేదని పెదవి విరిచాడు. వాన పడ్డాక కూడా స్కోరు మారకపోతేనే కదా ప్రశ్నావళిని అనుమానించాలి! ప్రశ్నలను రెండు భాగాలు చేశాం. దుస్తులు, నీడ, జబ్బులు, మరుగుదొడ్డి లాంటి స్థిరమైనవి రెండు వారాలకు, వాతావరణంతో మారేవి ఒకట్రెండు రోజుల్లోనే మళ్లీ అడిగాం. అప్పుడు లెక్క కుదిరింది.

ఒక పత్రిక సమీక్షకుడు మొత్తం ప్రశ్నావళికి ఒకే క్రాన్‌బాక్ ఆల్ఫా అడిగాడు. ప్రశ్నలన్నీ ఒకే దాన్ని కొలుస్తున్నాయా అని చూపే అంకె అది. దాహం, నిస్సత్తువ, తలనొప్పి ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటాయి కాబట్టి వాటికి ఆల్ఫా అర్థవంతమే, మామూలుగా చాలనుకునే 0.7 దాటింది కూడా. కానీ నీడ లేకపోవడానికీ, బిగుతు బూట్లకూ పరస్పర సంబంధం ఎందుకుండాలి? అవి వేడికి కారణాలు, లక్షణాలు కావు. ఈ వాదన జవాబులో పేజీన్నర రాశాను. సమీక్షకుడు సగం ఒప్పుకున్నాడు.

ఈ మధ్య గుంటూరు నుంచి ఒక స్నేహితురాలు, మిరప కోతల కూలీల కోసం దీన్ని తెలుగులోకి తేవాలని ఫైలు అడిగింది. పంపుతూ, ఒంటి మంట గురించిన ప్రశ్నను ఉన్నదున్నట్టు వాడొద్దని రాశాను. మిరపకాయల ఘాటుకు చేతులెలాగూ మండుతాయి, వేడి మంటతో అది కలిసిపోతుంది. ముఠా మేస్త్రిని ఏ బల్ల దగ్గర కూర్చోబెట్టాలో మాత్రం ఆమే చూసుకోవాలి.