కూబర్ పీడీలో ఒపాల్ కొనేముందు తడి తుడవండి

కోనసీమలో రెండు మూరలు తవ్వితే ఊట పడుతుంది. దక్షిణ ఆస్ట్రేలియాలోని కూబర్ పీడీలో ముప్ఫై మీటర్లు దిగినా పొడిమట్టే. అక్కడి రాయి మెత్తగా తెగుతుంది, తెగాక గట్టిగా నిలుస్తుంది. అందుకే ఊళ్లో సుమారు సగం మంది దాన్ని తొలుచుకుని, దూలాలూ వాసాలూ లేని ఇళ్లలో ఉంటారు. బయట 45 డిగ్రీల ఎండ కాస్తున్నా లోపల 23–25 దాటదు. 1915లో నీళ్లు వెతుకుతున్న పద్నాలుగేళ్ల విల్లీ హచిసన్‌కి ఇక్కడ ఒపాల్ దొరికింది, తిప్పినకొద్దీ రంగులు మెరిసే రత్నం.

పిల్లల్ని చూడ్డానికి అడిలైడ్ వెళ్లే మనవాళ్లు అక్కణ్ణుంచి స్టువర్ట్ హైవే మీద 846 కిలోమీటర్లు వెళ్లాలి. కారైతే ఒకచోట దాదాపు 250 కిలోమీటర్లు పెట్రోలు బంకే ఉండదు, ముందే ట్యాంకు నింపుకోండి. పొద్దు వాలితే కంగారూలు రోడ్డెక్కుతాయి, వెలుతురుండగానే ఊరు చేరండి. సంక్రాంతి అయ్యాక వెళ్దామనుకోవద్దు, అప్పుడక్కడ నడివేసవి. మే నుంచి ఆగస్టు మంచిది, కాకపోతే రాత్రిళ్లకు స్వెట్టరు కావాలి.

ఊరి చుట్టూ ఒపాల్ కోసం తవ్విన, మనిషి పట్టేంత గోతులు, లెక్కలేనన్ని. ఫొటో కోసం ఒక్క అడుగు కూడా వెనక్కి వేయకండి, పిల్లల చెయ్యి వదలకండి. తవ్విపోసిన దిబ్బల్లో రాళ్లు ఏరుకోవడాన్ని నూడ్లింగ్ అంటారు. దానికి జ్యువెలర్స్ షాప్ రోడ్డులో అందరికీ వదిలిన చోటుంది. ఇంకొకరి గనిలో ఏరాలంటే వాళ్ల అనుమతి ఉండాలి. దొరికేది ఎక్కువగా పాచ్, అంటే రంగులు లేని ఒపాల్. ఒపాల్ లాగే అదీ సిలికానే, కానీ లోపలి కంటికి కనబడని సిలికా గోళీలు ఒక్క సైజులో, వరుసగా పేరుకోలేదు కాబట్టి రంగులు పలకవు.

ఒకప్పుడు కూబర్ పీడీ ప్రాంతం సముద్రం అడుగు. కాలవగట్టున దొరికే ఆల్చిప్ప లాంటిదే అక్కడ మట్టిలోంచి బయటపడుతుంది. అంచుల గీతలతో సహా అదే రూపం, లోపల మాత్రం ఎరుపూ పచ్చా నీలం మెరుస్తుంటాయి. గుల్ల కరిగిపోయిన చోట ఒపాల్ నిండిందన్నమాట.

వజ్రం బదులు శుక్రుడికని మనవైపు ఒపాల్ పెట్టుకునేవాళ్లు చాలామంది. వాళ్లు మోసపోయేది కొనేచోటే. నీళ్ల సీసాలో ఉంచిన రాయి మీద గీతలూ పగుళ్లూ కనబడవు, రంగూ ఎక్కువ పలుకుతుంది. బయటికి తీయించి, తుడిచి, కాసేపు ఆరనిచ్చి, షాపు దీపాల కింద కాకుండా గుమ్మం నీడలో తిప్పి చూడండి. ఎటు తిప్పినా ఎరుపు నిలిచే రాయికి ధర ఎక్కువ, నీలానికి తక్కువ. తర్వాత పక్కనుంచి చూడండి. తిన్నటి గీత కనిపిస్తే అది డబ్లెట్ అయ్యుండొచ్చు: పలచటి ఒపాల్ పలకను నల్లటి అడుగుకి జిగురుతో అంటిస్తారు. పైన గాజో క్వార్ట్జో కప్పితే ట్రిప్లెట్. అడుగు మూసిన ఉంగరంలో ఇదేదీ కనబడదు, అందుకే విడిరాయి కొనడమే నయం. నల్లగా ఉంటే ఇంకో ప్రశ్న అడగండి. దక్షిణ ఆస్ట్రేలియాలోనే మరో ఒపాల్ ఊరైన అండమూకా రాయిని పంచదార నీళ్లలో నానబెట్టి, సల్ఫ్యూరిక్ యాసిడ్‌తో నల్లబరుస్తారు. అది చెప్పి అమ్మితే తప్పు లేదు. చెప్పకపోతే కొనొద్దు.

ఇంటికొచ్చాక, డబ్లెట్ ఉంగరంతో రొయ్యల చెరువులో దిగకండి. నీళ్లు జిగురులోకి చేరితే రాయి మసకబారుతుంది. అసలు రాయైనా సరే, ఇసుకపనికి ముందు తీసేయండి. ఇసుకలోని క్వార్ట్జ్ ఒపాల్ కన్నా గట్టిది, గీతలు పడతాయి.