భయం చెవిలోంచే వస్తుంది

మా స్టూడెంట్ హారర్ ఫిల్మ్ కోసం స్టాన్లీ కుబ్రిక్ 'ది షైనింగ్' (1980) ఆపి ఆపి చూస్తున్నాం. పిల్లాడు హోటల్ వరండాల్లో చిన్న సైకిల్ తొక్కే సీన్ దగ్గరే ఆగిపోయాను. స్టెడీక్యామ్ (కదులుతూ తీసినా కుదుపు రానివ్వని కెమెరా అమరిక) నేలకు దగ్గరగా వాడి వెనకాలే వెళ్తుంది. చక్రాలు చెక్క నేల మీద గరగరలాడతాయి, తివాచీ ఎక్కగానే చప్పుడు అణిగిపోతుంది. దయ్యం లేదు, రక్తం లేదు. అయినా ఎంత టెన్షనో! సౌండ్ తీసేసి చూస్తే నాకు ఆ భయం సగం కూడా లేదు.

మా కథ భీమిలిలో, సముద్రం పక్కన పాత ఇంట్లో. వైజాగ్ వాళ్లకి కెరటాల హోరు ఎంత అలవాటంటే, అసలు వినిపించదు. హీరోయిన్ తలుపు తీయగానే ఆ హోరు ఠక్కున ఆగిపోవాలి. మ్యూజిక్ కూడా వద్దు. ఈ ఒక్క షాట్ బాగా రావాలని చాలా ఆశగా ఉంది. మంచి సౌండ్ రికార్డర్ ఉన్నవాళ్లు ఒక్క రాత్రికి ఇస్తారా?