రెండో బిడ్ దగ్గర నేను నేర్చుకున్నది

2018 సెప్టెంబర్ 1న జకార్తా ఏషియన్ గేమ్స్‌లో ప్రణబ్ బర్ధన్, శివనాథ్ సర్కార్ జోడీ బ్రిడ్జ్ అనే పేకాటలో గోల్డ్ గెలిచింది. ఒకరికి 60 ఏళ్లు, ఇంకొకరికి 56. ఆ వార్త వస్తుంటే రైల్వేలో పనిచేసి రిటైరైన మా పెదనాన్న కుర్చీలోంచి లేచి టీవీ దగ్గరికి వెళ్లి నిలబడ్డారు. ఆయన నలభై ఏళ్లుగా ఆడుతున్న ఆట అది. రమ్మీ తప్ప ఇంకేమీ తెలియని నేను ఆ రాత్రే "నాకూ నేర్పండి పెదనాన్నా" అని అడిగాను.

పాయింట్ల లెక్క వారంలో వచ్చేసింది. ఆసుకి 4, రాజుకి 3, రాణికి 2, జాకీకి 1. చేతిలో 12, 13 ఉంటే ఓపెన్ చేయాలి, అంటే మొదటి బిడ్ వేయాలి. ఏ సూట్ తురుపు, ఆరు కాక ఇంకెన్ని ట్రిక్కులు (నలుగురూ తలో ముక్క వేసే పట్లు) గెలుస్తామో చెప్పేదే బిడ్. అక్కడిదాకా ఇబ్బంది లేదు. నాకు చిక్కంతా రెండో బిడ్ దగ్గరే వచ్చింది, అదీ చేతిలో రెండు సూట్లు పొడుగ్గా, అంటే నాలుగైదేసి ముక్కలతో పడ్డప్పుడు.

ఇలాంటి చేతులు అరుదుగా వస్తాయేమో అనుకునేదాన్ని. కాదు. 5-4-3-1 ఆకారం, అంటే ఒక సూట్‌లో అయిదు ముక్కలు, ఇంకోదాంట్లో నాలుగు, అలా పడేది దాదాపు 13 శాతం, 5-4-2-2 పదిన్నర శాతం. ఈ రెండే కలిపి దాదాపు నాలుగు చేతులకి ఒకటి. 5-5 చేతులు వీటికి అదనం.

మేమిద్దరం జోడీగా ఆడిన మొదటి డూప్లికేట్ పోటీలో (అన్ని టేబుళ్లలోనూ అవే ముక్కలు ఆడే పోటీ) నాకు పడిన ముక్కలు ఇప్పటికీ గుర్తే. ఇస్పేట్ 7, 2. ఆటీన్ రాజు, జాకీ, 8, 3. డైమన్ ఆసు, రాజు, 9, 6, 4. కళావర్ రాణి, 5. మొత్తం 13 పాయింట్లు. 1 డైమన్ ఓపెన్ చేశాను. పెదనాన్న 1 ఇస్పేట్ అన్నారు. నాకు నాలుగు ఆటీన్లు ఉన్నాయి, చెప్పాలి కదా అనుకుని బిడ్డింగ్ బాక్స్‌లోంచి 2 ఆటీన్ కార్డు తీసి పెట్టాను. ఆయన 3 డైమన్ పెట్టారు. నేను పాస్.

ఆయన ముక్కలు పరిచాక చూస్తే ఆరు పాయింట్లు. డైమన్లు మూడే, పైది పది. ఏడు ట్రిక్కులు వచ్చాయి, కావాల్సినవి తొమ్మిది. మేం వల్నరబుల్, అంటే ఓడితే నష్టం ఎక్కువుండే వంతు మాది, 200 పోయాయి. అవే ముక్కలతో మిగతా టేబుళ్లలో 2 డైమన్ దగ్గర ఆగినవాళ్లు 100తో బయటపడ్డారు. ఆ బోర్డులో, అంటే ఆ పంపకంలో, మాదే ఆఖరు.

పెదనాన్న టేబుల్ దగ్గర ఒక్క మాట అనలేదు. ఇంటికి వచ్చేటప్పుడు కారులో మెల్లగా అడిగారు. "2 ఆటీన్ చెప్పేముందు, నేను ఎక్కడికి వెళ్లాల్సి వస్తుందో ఆలోచించావా తల్లీ?"

నిజంగా ఆలోచించలేదు. నా దగ్గర ఏమున్నాయో చెప్పేయాలన్న తొందరే నాది. సూట్లు మెట్ల లాంటివి: అడుగున కళావరు, దానిపైన డైమను, తర్వాత ఆటీను, అన్నిటికంటే పైన ఇస్పేటు. 1 డైమన్ అన్నాక నేను 2 ఆటీన్‌కి ఎక్కేశాను. ఆయనకి నా మొదటి సూటే నయమనిపిస్తే 2 డైమన్ దాటిపోయింది, ఇక 3 డైమన్ అనక తప్పదు. దీన్నే రివర్స్ అంటారు. మన జోడీని అంత పైకి ఎక్కించాలంటే నా చేతిలో 16, 17 పాయింట్లైనా ఉండాలి. 13తో చెప్పడమంటే లేని బలాన్ని ఉన్నట్టు చెప్పడమే. అదే అయిదు ఆటీన్లు, నాలుగు డైమన్లు ఉంటే గొడవే లేదు. 1 ఆటీన్, ఆపైన 2 డైమన్. ఆయనకి ఆటీన్ నచ్చితే 2 ఆటీన్ దగ్గరే ఆగొచ్చు.

నా చేతికి 1 నో ట్రంప్ (ఏ సూటూ తురుపు లేకుండా ఆడే బిడ్) చెప్పాల్సిందన్నారు. అయినా నా మనసు ఒప్పుకోలేదు. "నాలుగు ఆటీన్లు ఉంచుకుని 1 నో ట్రంప్ అంటే దాచినట్టు కాదా?" అన్నాను. దానికి ఆయన చెప్పిన జవాబు నాకు అన్నిటికంటే ఎక్కువ ఉపయోగపడింది. "నాకు నాలుగు ఇస్పేట్లతో పాటు నాలుగు ఆటీన్లు కూడా ఉంటే ముందు 1 ఆటీనే చెప్పేవాణ్ణి. 1 ఇస్పేట్ అన్నానంటే చాలాసార్లు నా దగ్గర నాలుగు ఆటీన్లు లేనట్టే. ఇస్పేట్లు అయిదుండి ఆటీన్లు నాలుగుంటే, బలం ఉన్నప్పుడు నేనే మళ్లీ చెప్తాను. లేనిచోట వెతకడానికి మెట్లు ఎక్కడం ఎందుకు?" అంటే నేను దాచడం కాదు, ఆయన అప్పటికే నాకు చెప్పేశారు. నేనే వినలేదు.

మర్నాటి నుంచి రోజూ రాత్రి భోజనాలయ్యాక అరగంట సాధన. పేక కలిపి నాకు 13 ముక్కలు పంచేవారు. ఓపెనింగ్ బిడ్ చెప్పగానే సరిపోదు. "నేను 1 ఆటీన్ అంటే? 1 ఇస్పేట్ అంటే? 1 నో ట్రంప్ అంటే?" అని మూడు ప్రశ్నలు. మూడిటికీ జవాబు చెప్పాకే ఆ ముక్కలు కింద పెట్టాలి. మొదట్లో ఒక్కో చేతికి అయిదు నిమిషాలు పట్టేది. నాకు టెన్షన్ వచ్చేసేది. ఆయన మాత్రం ఒక్కసారి కూడా తొందరపెట్టలేదు. రెండు నెలలకి ముక్కలు సర్దుకుంటుండగానే రెండో బిడ్ మనసులోకి రావడం మొదలైంది.

5-5 చేతులు నిజానికి సులువు. పై సూట్‌తో ఓపెన్ చేసి రెండోది తర్వాత చెప్పాలి. వీలైతే అదే రెండో సూట్ మళ్లీ చెప్తే అది కూడా అయిదని తెలిసిపోతుంది. ఇక నిజంగా బలమున్న చెయ్యి వస్తే, ఒకసారి నాకు నాలుగు ఆటీన్లు, అయిదు డైమన్లతో 18 వచ్చాయి, అప్పుడు అదే 2 ఆటీన్ ధైర్యంగా చెప్పొచ్చు. ఆ రోజు పెదనాన్న నేరుగా 3 నో ట్రంప్‌కి వెళ్లారు, వచ్చింది కూడా.

అసలు పరీక్ష ఏ బిడ్డూ నప్పని చేతులతోనే. మరుసటి ఏడాది ఒక పోటీలో ఇలాంటిది పడింది. ఇస్పేట్ 6 ఒక్కటే. ఆటీన్ రాణి, 9, 7, 3. డైమన్ ఆసు, రాజు, జాకీ, 10, 4. కళావర్ రాజు, 8, 5. మళ్లీ 13 పాయింట్లే. 1 డైమన్ పెట్టేముందే భయపడ్డాను, 1 ఇస్పేట్ వస్తుందేమోనని. వచ్చింది. 2 ఆటీన్ కుదరదు. 1 నో ట్రంప్ అంటే ఇస్పేట్లు కనీసం రెండైనా ఉన్నాయని ఆయన అనుకుంటారు. 2 కళావర్ అంటే ఉన్నవి మూడే. 2 డైమన్ మామూలుగా ఆరు ముక్కలకి చెప్పేది, నాకున్నవి అయిదు. కానీ ఆ అయిదిట్లో నాలుగు పెద్ద ముక్కలు. ఇలాంటి చేతితో 1 నో ట్రంప్ చెప్పే మంచి ఆటగాళ్లు చాలామందే ఉన్నారు, వాళ్లది తప్పని అనను. నేను మాత్రం ఆరో డైమన్ లేని లోటుని ఆ పది తీరుస్తుందనుకుని 2 డైమన్ కార్డు పెట్టాను.

పెదనాన్న పాస్ చేసి ముక్కలు పరిచారు. ఏడు పాయింట్లు. డైమన్లు రెండు, అందులో ఒకటి రాణి. ఎనిమిది ట్రిక్కులు వచ్చాయి. ఆయన స్కోర్ దగ్గర 90 వేసి, తర్వాతి బోర్డు అందుకున్నారు.

ఇంటికి వచ్చేటప్పుడు కారులో ఆ చెయ్యి గురించి అడుగుతారని ఎదురుచూశాను. అడగలేదు. దారిపొడుగునా, ఇంకో బోర్డులో డిఫెన్స్ ఆడేటప్పుడు (అవతలి జోడీ బిడ్‌ని ఓడించేందుకు ఆడేటప్పుడు) నేను ముందే వదిలేసిన కళావర్ ఆసు గురించే మాట్లాడారు.