హాలు నడుమ మాయమైన బేస్: పదకొండో ట్రాన్స్ రాత్రి తర్వాత

ఈ రాత్రి తొమ్మిదింబావు దాటాక, జీ (పాశ్చాత్య సంగీతంలోని ఒక స్వరం) శ్రుతిలో సాగే ఒక సైట్రాన్స్ (ట్రాన్స్ అనే ఎలక్ట్రానిక్ నాట్య సంగీతంలో ఒక రకం) ట్రాక్‌లో బ్రేక్‌డౌన్ (తాళం ఆగే భాగం) ముగిసి కిక్ (డ్రమ్ము దెబ్బ) మళ్ళీ అందుకున్నప్పుడు, హాలు నట్టనడుమ నిలబడి ఉన్న నా రొమ్ముకు ఆ దెబ్బ సూటిగా వచ్చి తగిలింది. ఐదు నెలలుగా ఆ చోట, ఆ శ్రుతిలో, ఆ దెబ్బ తగలలేదు. చుట్టూ ఉన్న అరవై మందీ ఒక్కసారిగా చేతులెత్తారు. నేను మాత్రం రెండడుగులు ముందుకూ రెండడుగులు వెనక్కూ వేసి, ఎక్కడైనా బలం తగ్గుతుందేమోనని చూసుకున్నాను. తగ్గలేదు. ఇంటికి వచ్చినా నిద్ర పట్టడం లేదు కనుక, వివరాలన్నీ గుర్తుండగానే రాసిపెడుతున్నాను.

బాలానగర్ పారిశ్రామిక వాడలో మిత్రుడి ఫ్యాబ్రికేషన్ షెడ్డు పక్కనున్న ఖాళీ గోదామును నెలకొక శనివారం ట్రాన్స్ క్లబ్‌గా మారుస్తున్న సంగతి ముందు రాసినదే. సాయంత్రం ఆరుకు తలుపులు తెరుస్తాం, 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలను మనసులో పెట్టుకుని రాత్రి పదికి ముందే సంగీతం ఆపేస్తాం, మద్యం ఉండదు, డెబ్బై మందికి మించి రానివ్వం. ఈసారి పొగ యంత్రం ఇబ్బంది పెట్టలేదు, కొత్త స్ట్రోబ్ లైట్లు బాగున్నాయి, తలుపు దగ్గర ఉచితంగా పెట్టిన చెవి బిరడాలు అన్నీ అయిపోయాయి. వాటి గురించి చెప్పవలసింది ఇంతే. మిగతాదంతా బేస్ గురించే, అంటే ఒంటికి తగిలే లోతైన తక్కువ స్వరాల గురించే.

సమస్యను మొదట పట్టుకున్నది నేను కాదు, ప్రతి నెలా తప్పకుండా వచ్చి హాలు మధ్యలోనే ఆడే ఒక అమ్మాయి. ఆరో రాత్రి చివర్లో నేను ట్రాక్‌లు వేసే బూత్ దగ్గరికి వచ్చి, "అన్నా, ఇందాకటి ట్రాక్ దాకా బేస్ నేల కింద నుంచి వచ్చింది, ఇది మొదలైనప్పటి నుంచి పైనుంచి మాత్రమే వస్తోంది, నువ్వు ఏమైనా తగ్గించావా?" అని అడిగింది. నిజంగానే తగ్గించాను. బూత్‌లో నాకు ఆ ట్రాక్ బేస్ భరించలేనంత మోతగా వినిపించడంతో, మిక్సర్ మీద బేస్‌ను హెచ్చించి తగ్గించే లో నాబ్‌ను బాగా కిందికి తిప్పాను. తర్వాత రికార్డింగు వింటూ ట్రాక్‌ల జాబితాతో పోల్చుకుంటే, నేను బేస్ తగ్గించిన చోటల్లా జీ శ్రుతి ట్రాకే ఉంది. సైట్రాన్స్‌లో కిక్, బేస్‌లైన్ రెండూ ఒకే మూలస్వరం మీద నిమిషాల తరబడి నడుస్తాయి కనుక, హాలుకు ఒక స్వరంతో పొసగకపోతే ఆ ట్రాక్ మొత్తం పోయినట్టే. సినిమా పాటల్లో బేస్ నాలుగైదు స్వరాల మీద తిరుగుతుంది కనుక ఇదే హాలులో ఎవరికీ ఏమీ తెలియకపోవచ్చు.

కొలతలు ఇవి. హాలు పొడవు 10.5 మీటర్లు, వెడల్పు 7 మీటర్లు, ఎత్తు 3.1 మీటర్లు, నాలుగు వైపులా ఇటుక గోడలు, పైన కాంక్రీటు స్లాబు. 28 డిగ్రీల వేడిలో ధ్వని వేగం సెకనుకు దాదాపు 348 మీటర్లు. ఎదురెదురు గోడల మధ్య తగిలి తిరిగివచ్చే ధ్వని కొన్ని స్వరాల దగ్గర కదలకుండా నిలిచిపోయి, కొన్ని చోట్ల బలంగా, కొన్ని చోట్ల గుంటగా ఉంటుంది; దాన్నే స్థిర తరంగం అంటారు. ఆ లెక్కన పొడవు వైపు మూడో స్థిర తరంగం 49.7 హెర్ట్జ్ దగ్గర పడుతుంది. వెడల్పు వైపు రెండోది కూడా సరిగ్గా అక్కడే పడుతుంది, ఎందుకంటే 10.5కూ 7కూ ఉన్న నిష్పత్తి మూడుకు రెండు. జీ స్వరం 49 హెర్ట్జ్. గోదాము కట్టినవారు దీన్ని ఊహించి ఉండరు గానీ, ట్రాన్స్ వినిపించడానికి ఇంతకన్నా చెడ్డ కొలతలు దొరకడం కష్టం.

మైకు పెట్టి కొలిస్తే, 49 హెర్ట్జ్ దగ్గర ముందు గోడకు ఆనుకున్న నా బూత్‌లో ఉన్న బలం హాలు నడుమ కన్నా 17 డెసిబెల్లు ఎక్కువ. ఎఫ్ షార్ప్ దగ్గర, అంటే 46.2 హెర్ట్జ్ దగ్గర, ఆ తేడా 5 డెసిబెల్లకు దిగింది. ఎఫ్ దగ్గర, 43.7 హెర్ట్జ్ దగ్గర, బూత్‌లో కన్నా నడుమే 4 డెసిబెల్లు ఎక్కువ ఉంది. అంటే నేను బూత్‌లో విని సరిచేసిన ప్రతిసారీ తప్పు దిశలోనే సరిచేశాను. జీ ట్రాక్ నాకు మోతగా ఉందని తగ్గిస్తే, అప్పటికే తక్కువ అందుతున్న నడుమనున్నవారికి ఆ కాస్తా పోయింది; ఎఫ్ ట్రాక్ నాకు పలచగా ఉందని పెంచితే వారికి మరీ ఎక్కువైంది. ఆ అమ్మాయి మాటను వెంటనే నమ్మకపోవడం నాకు ఇప్పటికీ బాధగానే ఉంది.

వెడల్పు వైపు సమస్య ఒక్క రోజులో తీరింది: నడుమ ఒకదాని మీద ఒకటి పేర్చిన రెండు సబ్‌ఊఫర్లను (బేస్ మాత్రమే మోగించే స్పీకర్లను) విడదీసి, పక్క గోడల నుంచి 1.75 మీటర్ల దూరంలో, అంటే వెడల్పులో పావు, ముప్పావు స్థానాల్లో పెట్టాను. పొడవు వైపు సమస్య మాత్రం ఐదు నెలలు తినేసింది.

మొదట ఈక్వలైజర్‌తో (ఒక్కో స్వరం బలాన్ని విడిగా హెచ్చించి తగ్గించే సాధనంతో) 49 హెర్ట్జ్ దగ్గర 9 డెసిబెల్లు పెంచాను. తొమ్మిది డెసిబెల్లంటే దాదాపు ఎనిమిది రెట్ల శక్తి. యాంప్లిఫయర్ హద్దు దాటుతోందని చెప్పే లిమిటర్ దీపం వెలిగింది, బూత్‌లో మోత భయంకరమైంది, నడుమకూ బూత్‌కూ మధ్య 17 డెసిబెల్ల తేడా మాత్రం అలాగే ఉండిపోయింది. ముందు నుంచి వచ్చే తరంగాన్ని పెంచితే వెనుక గోడకు తగిలి తిరిగివచ్చే తరంగమూ అంతే పెరుగుతుంది కనుక ఇది ఏ రోజుకూ పని చేసేది కాదు. తెర మీద గీతను చదును చేసి చూపించి సంతృప్తి పడే ఆటో ఈక్యూ (ఈక్వలైజర్‌ను తనంతట తానే సర్దే) పద్ధతుల మీద నాకు ఉన్న కాస్త నమ్మకమూ అక్కడితో పోయింది. ఒక చోట పెట్టిన మైకుకు సరిపోయేది ఆడే జనానికి సరిపోదు.

తర్వాత వెనుక గోడకు 50 మిల్లీమీటర్ల ఫోమ్ పలకలు, వాటి ముందు పాత పరుపులు నిలబెట్టాను. చప్పట్ల ప్రతిధ్వని తగ్గింది, హై హ్యాట్ల (డ్రమ్స్‌లో తాళాల) చప్పుడు శుభ్రపడింది, 49 హెర్ట్జ్ గీత మాత్రం వెంట్రుకవాసి కూడా కదలలేదు. జీ స్వరం తరంగదైర్ఘ్యం దాదాపు 7 మీటర్లు. దాన్ని పీల్చుకోవాలంటే ఆ దైర్ఘ్యంలో పావు వంతు, అంటే 1.75 మీటర్ల మందం కావాలి. అంత మందం పెడితే ఆడేవారికి చోటు మిగలదు.

సబ్‌ఊఫర్లను ముందు గోడ నుంచి అదే 1.75 మీటర్లు ముందుకు జరిపి చూశాను. బూత్‌లో మోత తగ్గడంతో గెలిచాననుకున్నాను. తీరా కొలిస్తే, వెనుకనున్న గోడకు తగిలి వచ్చే తరంగం వ్యతిరేక ఫేజ్‌లో (ఒకటి ఎగసే చోట మరొకటి దిగేలా) కలిసి, మొత్తం హాలులోనే జీ బలం పడిపోయిందని తెలిసింది. వ్యాధితో పాటు మనిషినీ తీసేసే మందు అది.

ఎనిమిదో రాత్రికి ముందు మరో రెండు సబ్‌ఊఫర్లు చేయించి, అవే పావు, ముప్పావు స్థానాల్లో వెనుక గోడకు ఆనించి, ముందువాటితో సమంగా మోగించాను. నడుమ నిలబడి వింటే అద్భుతంగా ఉంది. ఆ రాత్రి నేను ఎంతో సంతోషంగా ఉన్నాను, గంట తర్వాత జనం ఒక వింత ఆకారంలో సర్దుకోవడం చూసేదాకా: నడుమ గుంపుగా, ఆ గుంపుకు ముందూ వెనుకా పలచగా. కొలిస్తే, నడుమనున్న గుంట లేచిపోయి రెండు ముక్కలై, నడిమికి అటూ ఇటూ 1.75 మీటర్ల దూరంలో, అంటే ముందు గోడ నుంచి మూడున్నర, ఏడు మీటర్ల దగ్గర కూర్చుంది. ఎదురెదురుగా రెండు తరంగాలు కలిసే చోట ఇది తప్పదు. మైకు కన్నా ముందు జనం కాళ్ళే గుంటల పటం గీసి చూపించాయి.

అప్పుడు పట్టుకున్నదే డబుల్ బేస్ అరే పద్ధతి. వెనుక సబ్‌ఊఫర్లు బలం పెంచడానికి కాదు, ముందు నుంచి వచ్చిన తరంగాన్ని వెనుక గోడ దగ్గర మింగేయడానికి. వాటికి పోలారిటీ తిరగేసి (ముందువి బయటికి తోసినప్పుడు ఇవి లోపలికి లాగేలా), ముందు తరంగం అక్కడికి చేరేంత సమయం డిలే, అంటే ఆలస్యం, ఇవ్వాలి. మాట తేలికే, అయినా మూడు వారాల పాటు పని చేయలేదు. సబ్‌ఊఫర్ల కోన్లు (గాలిని కదిలించే పొరలు) ముందూ వెనుకా గోడల నుంచి 55 సెంటీమీటర్ల దూరంలో ఉన్నాయి కనుక, కోను నుంచి కోనుకు 9.4 మీటర్లని టేపుతో కొలిచి, 27 మిల్లీసెకన్ల డిలే పెట్టాను. ఏ మార్పూ లేదు. పోలారిటీ పొరపాటేమోనని ప్రతి కేబులూ 1.5 వోల్టుల బ్యాటరీతో తాకించి కోను ఎటు కదులుతోందో చూశాను. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఇటుక గోడ కదులుతోందేమోనని అనుమానించాను. షట్టరు తలుపు సందులోంచి బేస్ పారిపోతోందేమోనని దాని అడుగున ఇసుక మూటలు పెట్టాను. సబ్‌ఊఫర్ పెట్టెకున్న పోర్టు (గాలి రంధ్రం) ఫేజ్‌ను తిప్పుతోందేమోనని కూడా అనుకున్నాను గానీ, నాలుగు పెట్టెలూ ఒకే కొలతలతో చేసినవి కనుక అది కారణం కాదు.

తప్పు టేపు కొలతలోనే ఉంది. గోడకు అంత దగ్గరగా పెట్టిన సబ్‌ఊఫర్, తక్కువ స్వరాల దగ్గర, గోడలో కనిపించే తన ప్రతిబింబంతో కలిసి మోగుతుంది. ఆ రెండింటి నడిమి స్థానం గోడే. అందుకని లెక్కించవలసింది కోను నుంచి కోనుకు కాదు, గోడ నుంచి గోడకు: 10.5 మీటర్లు, అంటే 30.2 మిల్లీసెకన్లు. 3.2 మిల్లీసెకన్ల తేడాయే కదా అనిపిస్తుంది గానీ, 49 హెర్ట్జ్ దగ్గర అది 56 డిగ్రీల ఫేజ్; అంత తప్పితే తిరిగివచ్చే తరంగంలో దాదాపు 95 శాతం మిగిలే ఉంటుంది. మూడు వారాలు నేను ఏమీ లేనట్టే కొలిచానంటే అందుకే. బుధవారం రాత్రి 30.2 పెట్టి స్వీప్ (స్వరాలన్నీ వరుసగా మోగించి కొలిచే పరీక్ష) నడిపితే, గీత చూసి కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. వెనుకవాటి స్థాయి ఒకటిన్నర డెసిబెల్లు తగ్గించాక ఇంకా మెరుగైంది.

ఇప్పటి లెక్క: బూత్‌కూ నడుమకూ 49 హెర్ట్జ్ దగ్గర తేడా 17 నుంచి రెండున్నర డెసిబెల్లకు దిగింది. ముందు గోడ నుంచి 2 మీటర్ల మొదలు 8.5 మీటర్ల దాకా, ఒక్క స్వరం దగ్గర తప్ప, 35 నుంచి 80 హెర్ట్జ్ వరకు హెచ్చుతగ్గులు మూడు డెసిబెల్ల లోపే. మూల్యం కూడా ఉంది: నాలుగు పెట్టెలు పెట్టి రెండు పెట్టెల బలమే పొందుతున్నాను. ఇంత చిన్న హాలుకు అది న్యాయమైన బేరమే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో వినోద స్థలాలకు పావుగంట సగటున 100 డెసిబెల్లను గరిష్ఠ పరిమితిగా చెప్పింది. మేము 97 దాటనివ్వం. ఆ స్థాయిలోనే రొమ్ముకు దెబ్బ తగులుతున్నప్పుడు పెంచవలసిన అవసరం ఎవరికీ తోచదు.

పరికరాల్లో మినీడీఎస్‌పీ 2×4 హెచ్‌డీకి పూర్తి మార్కులు. నాలుగు అవుట్‌పుట్లకూ వేర్వేరు డిలే ఇచ్చే ఇంత చిన్న పెట్టె లేకపోతే ఈ పని జరిగేది కాదు. యూమిక్-1 మైకు, రూమ్ ఈక్యూ విజార్డ్ సాఫ్ట్‌వేర్ కలిస్తే అభిరుచిగా చేసేవారికి మరేమీ అక్కరలేదని నా అభిప్రాయం. పెట్టెలకు మాత్రం 18 మిల్లీమీటర్ల మంచి ప్లైవుడ్డే వాడాలి. ఎండీఎఫ్ (చెక్కపొడితో చేసే పలక) బరువుకు రెండోసారి మోయాలనిపించదు.

గోవాలోని అంజునాలో ఆరుబయట విన్న బేస్ ఎందుకంత నిండుగా, ఎక్కడ నిలబడినా ఒకేలా ఉండేదో నాకు ఇప్పుడు అర్థమైంది: అక్కడ తిప్పి పంపడానికి గోడలే లేవు. ఈ రాత్రి వెనుక గోడ ఉన్నా లేనట్టే అనిపించింది. బ్రేక్‌డౌన్‌లో కిక్ ఆగి, ప్యాడ్‌లు (మెల్లగా నిండే సుదీర్ఘ స్వరాలు) పరచుకుని, నిమిషంపైగా అందరూ కళ్ళు మూసుకుని ఎదురుచూసిన తర్వాత బేస్ అందరికీ ఒకే క్షణంలో, ఒకే బలంతో తిరిగి రావాలి. అది కొందరికి వచ్చి కొందరికి రాకపోతే ఆ ఎదురుచూపంతా వృథా. ఈసారి జనం హాలంతా సమంగా పరచుకుని ఆడారు. ఆ అమ్మాయి పదికి వెళ్తూ వెళ్తూ, "నేల తిరిగొచ్చింది అన్నా" అంది.

ఇక మిగిలిన ఆ ఒక్క స్వరం. 55, 57 హెర్ట్జ్ మధ్య ఒక గుంట ఇంకా ఉంది, అది హాలు ఎంత దూరం నడిచినా వెంటే వస్తోంది. మైకును నేలకు దించితే మాత్రం పోతోంది. అంటే ఇది ఎత్తు వైపు సమస్య. 3.1 మీటర్ల ఎత్తుకు మొదటి స్థిర తరంగం 56 హెర్ట్జ్ దగ్గర పడుతుంది, దాని గుంట 1.55 మీటర్ల దగ్గర, అంటే నిలబడ్డ మనిషి చెవి దగ్గరే ఉంటుంది. ‘ఏ’ స్వరం 55 హెర్ట్జ్. సైట్రాన్స్‌కు ఇది పెద్దగా అడ్డు రాదు గానీ, వచ్చే నెల 138 బీపీఎమ్ (నిమిషానికి 138 దెబ్బలు) అప్‌లిఫ్టింగ్ ట్రాన్స్ రాత్రి పెడదామనుకుంటున్నాం. 1990ల చివర రోలాండ్ జేపీ-8000 సింథసైజర్ తెచ్చిన సూపర్‌సా ధ్వనితో సాగే ఆ పాత ట్రాక్‌లలో ‘ఏ’ మైనర్‌వి నా పెట్టెలో చాలానే ఉన్నాయి. సబ్‌ఊఫర్లను నేల మీద కాక ఎత్తులో సరిగ్గా సగానికి, కోను నడిమి 1.55 మీటర్లకు వచ్చేలా లేపితే ఆ తరంగం పుట్టనే కూడదు. మిత్రుడు 50 మిల్లీమీటర్ల చదరపు గొట్టాలతో నాలుగు స్టాండ్లు వెల్డింగ్ చేస్తానన్నాడు. ఒక్కో పెట్టె 60 కిలోలకు పైనే ఉంటుంది కనుక వాటిని గోడకు యాంకర్ బోల్టులతో బిగించాకే జనాన్ని లోపలికి రానిస్తాం. మంగళవారం గొట్టాలు కోస్తాం. ముందు ఒక్క జతను లేపి కొలిచి, గుంట కదిలితేనే రెండో జత మొదలుపెడతాం.