తగిలిందా, గుద్దిందా?

మా బాబాయికి టంగుటూరు దగ్గర పొగాకు ఆరబెట్టే బ్యారన్ ఉంది. గుజరాత్‌లో ఫోరెన్సిక్ సైకాలజీ, అంటే నేర దర్యాప్తుకూ కోర్టులకూ పనికొచ్చే మనస్తత్వశాస్త్రం చదువుతున్న నేను సెలవులకు నవజీవన్ ఎక్స్‌ప్రెస్‌లో వచ్చి ఒంగోలులో దిగిన ప్రతిసారీ, "మొహం చూసి అబద్ధం కనిపెట్టేస్తావంట గదా తల్లీ" అని ఆయన అడగకుండా ఉండడు. అలా కనిపెట్టడంలో మనుషులు సగటున నూటికి 54 సార్లే నెగ్గుతారని, బొమ్మాబొరుసు వేసుకున్నా 50 వస్తాయని చెప్పాక ఆయనకు నా చదువు మీద గౌరవం కొంత తగ్గింది. సమ్మతి లేకుండా, మత్తుమందు ఇచ్చి ప్రశ్నించే నార్కో, అబద్ధం పట్టేందుకని వాడే పాలిగ్రాఫ్ పరీక్షలు చేయరాదని 2010లో సెల్వి కేసులో సుప్రీంకోర్టు తేల్చిందని చెప్పాక ఇంకాస్త తగ్గింది.

నిజానికి ఈ చదువులో నన్ను ఎక్కువగా పట్టుకున్నది అబద్ధాలకోరులు కాదు, అబద్ధమాడని సాక్షులు. 1974లో ఎలిజబెత్ లోఫ్టస్, జాన్ పామర్ అనే పరిశోధకులు విద్యార్థులకు కారు ప్రమాదాల దృశ్యాలు చూపి, కార్ల వేగాన్ని అంచనా వేయమన్నారు. ప్రశ్నలో "తాకినప్పుడు" అన్న అర్థమొచ్చే క్రియ వాడితే సగటు జవాబు గంటకు 31.8 మైళ్లు, "తుక్కయ్యేలా గుద్దుకున్నప్పుడు" అన్నట్టుండే క్రియ వాడితే 40.5 మైళ్లు. మరో ప్రయోగంలో వారం తరువాత, పగిలిన గాజు చూశారా అని అడిగితే, ఆ గట్టి క్రియ విన్న 50 మందిలో 16 మంది చూశామన్నారు. దృశ్యంలో గాజు ముక్క ఒక్కటీ లేదు.

ఇది చదివినప్పుడు నాకు బాబాయి సాక్ష్యమే గుర్తుకొచ్చింది. కొన్నేళ్ల క్రితం హైవే పక్కన ఒక లారీ పాలబండికి తగిలిన రోజు సాయంత్రం, శబ్దం విని తిరిగి చూశానని ఆయన మా అందరికీ చెప్పాడు. పోలీసులు అప్పటి నేర విచారణ చట్టం సీఆర్‌పీసీలోని 161వ సెక్షన్ కింద రాసుకున్న వాంగ్మూలంలో అది "అతివేగంగా, అజాగ్రత్తగా వచ్చి ఢీకొట్టింది" అయింది. ఆ మాటలు బాబాయివి కావు, అటువంటి కేసులన్నింటిలోనూ కనబడేవే. సాక్షి సంతకం పెట్టనక్కరలేని కాగితం కనుక ఆయన దిద్దనూ లేదు. కోర్టులో చెప్పి వచ్చిన తరువాత మాత్రం, "నా కళ్లముందే గుద్దింది" అనడం మొదలుపెట్టాడు.

కేసు ఎప్పుడో ముగిసింది కనుక, మొన్న సాక్షుల జ్ఞాపకాలను రాబట్టడానికి ఫిషర్, గైజల్‌మన్ అనే మనస్తత్వవేత్తలు రూపొందించిన పద్ధతి ఆయన మీదే ప్రయత్నించాను. ఏం జరిగిందని నేరుగా అడగకుండా, సాక్షిని ముందు ఆ చోటికీ ఆ వేళకూ మనసులో తీసుకువెళ్లి, మధ్యలో అడ్డు తగలకుండా వినాలి. మా ప్రాంతంలో ఈ రెండోదే కష్టం.

"ఆ పొద్దున ఎక్కడ నిలబడ్డావు బాబాయ్?"

"టీ కొట్టు దగ్గర. చేతిలో గ్లాసు. రెండో టీకి పాలు పొంగుతుంటే పొయ్యి వైపు చూస్తా ఉండా."

"రోడ్డు ఎటు వైపుంది?"

ఆయన కుర్చీలోంచి లేచి, పొయ్యి ఎటుందో, రోడ్డు ఎటుందో చేతులతో చూపుకుంటూ రెండుసార్లు అటూ ఇటూ తిరిగాడు.

"వెనక" అన్నాడు. కాసేపటికి, "కానీ చూశాను తల్లీ" అన్నాడు.